జార్జియాలో అధ్యక్ష ఎన్నికల ఫలితాలు: మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

అట్లాంటా నగరం ఉన్న అమెరికా రాష్ట్రం జార్జియా గురించి ఇది. నేను ఆ నగర శివార్లలో ఉంటాను, 2020లో ఇక్కడ మొదటిసారి ఓటేశాను. ఆ వారమంతా తెనాలి నుంచి మా పెదనాన్న ఫోన్లు. "ఏరా, మన దగ్గర పొద్దున ఎనిమిదింటికి మొదలుపెడితే భోజనాల వేళకి తేలిపోతుంది, మీకు వారమైనా తేలదేంటి?" అని. తర్వాత వాట్సాప్‌లో ఏ వీడియో వచ్చినా నాకు పంపి ఇది నిజమేనా అనేవారు. ఆయనతో పాటు ఇక్కడి స్నేహితులు, కొత్తగా పౌరసత్వం వచ్చినవాళ్లు అడిగినవి కూడా కలిపి రాస్తున్నాను. ఎవరికి ఓటేశానో ఇందులో చెప్పను, దానికీ ఈ లెక్కలకీ సంబంధం లేదు.

2020లో చివరికి తేలిన అంకెలు ఏమిటి?

డెమోక్రాట్ జో బైడెన్‌కి 24,73,633. రిపబ్లికన్ డొనాల్డ్ ట్రంప్‌కి 24,61,854. లిబర్టేరియన్ పార్టీ తరఫున నిలబడ్డ జో జోర్గెన్‌సెన్‌కి 62,229. మెజారిటీ 11,779 ఓట్లు. దాదాపు 50 లక్షల ఓట్లు పోలైన రాష్ట్రంలో ఇది పావు శాతం కూడా కాదు. మన దగ్గర ఒక అసెంబ్లీ నియోజకవర్గంలో 11 వేల మెజారిటీ అంటే మామూలు గెలుపు అంటాం, అదే మెజారిటీ రాష్ట్రం మొత్తానికి వస్తే ఎంత టెన్షనో ఊహించుకోండి. అధ్యక్షుడి గడి ఖాళీగా వదిలేసి మిగతా పదవులకు మాత్రం ఓటేసినవాళ్లే 28 వేల మందికి పైగా ఉన్నారు.

పోలింగ్ రోజు రాత్రి ట్రంప్ ముందున్నాడు కదా, రెండు రోజుల్లో బైడెన్ ఎలా దాటాడు?

నన్ను అందరికంటే ఎక్కువమంది అడిగింది ఇదే, అందుకే కొంచెం వివరంగా చెప్తాను.

జార్జియాలో ఓటేయడానికి మూడు దారులున్నాయి. పోలింగ్ రోజు వెళ్లి వేయొచ్చు, అంతకుముందు మూడు వారాలు నడిచే ముందస్తు ఓటింగ్‌లో వెళ్లి వేయొచ్చు, లేదా పోస్టులో బ్యాలెట్ తెప్పించుకుని పంపొచ్చు. కరోనా ఏడాది కాబట్టి 13 లక్షల మంది పోస్టు దారి పట్టారు. అందులోనూ రెండు పార్టీలవాళ్లూ సమానంగా పట్టలేదు. పోస్టు ఓటును నమ్మొద్దని ట్రంప్ నెలల తరబడి చెప్తూ వచ్చారు, ఆయన మద్దతుదారులు చాలావరకు స్వయంగా వెళ్లి వేశారు. డెమోక్రాట్లు జనంలోకి రావడానికి భయపడి పోస్టులో వేశారు. ఫలితంగా పోస్టు ఓట్లలో మూడింట రెండు వంతులు బైడెన్‌వి, పోలింగ్ రోజు పడ్డ ఓట్లలో స్పష్టమైన ఆధిక్యం ట్రంప్‌ది.

ఇక లెక్కింపు. స్వయంగా వేసిన ఓటు అప్పటికే స్కానర్‌లో పడి ఉంటుంది, మెమొరీ కార్డు తీసి చదివిస్తే చాలు, గంటల్లో అంకె వచ్చేస్తుంది. పోస్టు ఓటు అలా కాదు. పై కవరు మీద సంతకం సరిచూడాలి, కవరు కత్తిరించాలి, లోపలి కవరులోంచి బ్యాలెట్ తీయాలి, మడతలు సాపు చేయాలి, అప్పుడు స్కానర్‌లో పెట్టాలి. ఫుల్టన్ లాంటి పెద్ద కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఇలాంటివి లక్షకు పైగా. కాబట్టి ముందు వచ్చే అంకెలు ఒక రకం ఓటర్లవి, తర్వాత వచ్చేవి ఇంకో రకం ఓటర్లవి. మన దగ్గర పోస్టల్ బ్యాలెట్లు ముందు మొదలుపెట్టి తర్వాత ఈవీఎంలు తెరుస్తారు, ఇక్కడ ఆ ఏడాది దాదాపు తలకిందులుగా జరిగింది, అంతే తేడా. మన లెక్కింపులో ఒక మండలం పెట్టెలు తెరిచినప్పుడు ఒకరు, ఇంకో మండలం తెరిచినప్పుడు ఇంకొకరు ముందుకు పోతుంటే ఎవరూ దొంగతనం అనరు. "ఇంకా మా రౌండ్లు రాలేదు" అంటారు. ఇదీ అదే.

బైడెన్ దాటింది నవంబరు 6 తెల్లవారుజామున, నాలుగున్నర ప్రాంతంలో, అంటే మన దేశంలో శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి. అట్లాంటాకి దక్షిణాన ఉన్న క్లేటన్ కౌంటీ ఓట్లు చేరినప్పుడు. నల్లజాతి కుటుంబాలు ఎక్కువగా ఉండే కౌంటీ అది, 85 శాతం ఓట్లు బైడెన్‌కే పడ్డాయి.

49.47 శాతమే వచ్చింది, సగం కూడా దాటలేదు. మరి రనాఫ్ ఎందుకు పెట్టలేదు?

మంచి ప్రశ్న. జార్జియాలో సెనేటర్‌కో గవర్నర్‌కో సగానికి పైగా ఓట్లు రాకపోతే మొదటి ఇద్దరి మధ్య మళ్లీ పోటీ పెడతారు. అదే రోజు సెనేట్‌కి పోటీ చేసిన డేవిడ్ పెర్‌డ్యూకి 49.73 శాతం వచ్చింది, అంటే బైడెన్ కంటే ఎక్కువ, అయినా రనాఫ్‌కి వెళ్లి 2021 జనవరి 5న ఓడిపోయారు. అధ్యక్ష ఎన్నికకు మాత్రం ఆ నిబంధన లేదు, ఎవరికి ఎక్కువ వస్తే వారి జట్టు ఎలక్టర్లు (రాష్ట్రం తరఫున అధ్యక్షుడికి అధికారికంగా ఓటేసే ప్రతినిధులు) గెలిచినట్టే. మన లోక్‌సభ, అసెంబ్లీ పద్ధతే అనుకోండి.

ఎన్నిసార్లు లెక్కపెట్టారు?

మూడుసార్లు. మొదట మిషన్ మీద. తర్వాత చేత్తో. ఆ తర్వాత ట్రంప్ వర్గం అడిగితే మళ్లీ మిషన్ మీద, ఎందుకంటే తేడా అర శాతం లోపు ఉంటే ఓడినవారికి రీకౌంట్ అడిగే హక్కు ఉంది.

రెండోది చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఎన్నికల తర్వాత ఏదో ఒక పోటీని ఎంచుకుని కాగితాలు తనిఖీ చేయాలని జార్జియా చట్టం. మామూలుగా కొన్ని బ్యాలెట్లు తీసి చూస్తే సరిపోతుంది. కానీ ఇంత తక్కువ తేడా ఉన్నప్పుడు కొన్ని చూస్తే చాలదని, రాష్ట్రంలో ఎన్నికల బాధ్యత చూసే సెక్రటరీ ఆఫ్ స్టేట్ బ్రాడ్ రాఫెన్స్‌పెర్గర్ అధ్యక్ష పోటీనే ఎంచుకుని మొత్తం 50 లక్షల కాగితాలూ చేత్తో లెక్కపెట్టమన్నారు. 159 కౌంటీలు, సుమారు ఒక వారం గడువు.

బల్లకి ఇద్దరు. ఒకరు కాగితం తీసుకుని పేరు పైకి చదివి పక్కవారికి ఇస్తారు, వారు కూడా చూసి, అవును ఈ పేరే అని, ఆ పేరు కట్టలో పెడతారు. ట్రంప్ కట్ట, బైడెన్ కట్ట, జోర్గెన్‌సెన్ కట్ట, అర్థం కానివి విడిగా. ఒక్కో కట్టనీ పదులుగా లెక్కపెట్టి కాగితం మీద రాసి సంతకం చేస్తారు. చుట్టూ రెండు పార్టీల పరిశీలకులు తిరుగుతుంటారు. మాస్కులు పెట్టుకుని, ప్లాస్టిక్ అద్దాల పక్కన, రిటైరైన టీచర్లు, కౌంటీ గుమాస్తాలు పొద్దుట నుంచి రాత్రిదాకా ఆ పని చేశారు. మన దగ్గర ఒక్కో అసెంబ్లీ సెగ్మెంట్‌లో ఐదు వీవీప్యాట్ల చీటీలు లెక్కపెట్టి ఈవీఎంతో సరిచూస్తారు కదా, అదే పని రాష్ట్రంలోని ప్రతి కాగితానికీ చేశారన్నమాట.

చేత్తో లెక్కిస్తే మెజారిటీ మారిందట, అంటే ముందు తప్పు లెక్క చెప్పినట్టే కదా?

మారింది, అది దాచలేదు కూడా. ఫ్లాయిడ్ కౌంటీలో 2,600 దాకా బ్యాలెట్లు స్కాన్ చేయకుండా ఉండిపోయాయని, ఫయెట్ కౌంటీలో 2,755 ఓట్లున్న మెమొరీ కార్డు ఒకటి ఎక్కించలేదని ఆ తనిఖీలోనే బయటపడింది. వాటిలో ఎక్కువ ట్రంప్‌కి పడ్డవి, కాబట్టి బైడెన్ ఆధిక్యం తగ్గింది. నవంబరు 20న మొదట ధ్రువీకరించినప్పుడు మెజారిటీ 12,670, రీకౌంట్ తర్వాత డిసెంబరు 7న మళ్లీ ధ్రువీకరించినప్పుడు 11,779.

ఇది నిర్లక్ష్యమే, సమర్థించను. ఓటరు ఎండలో నిలబడి వేసిన ఓటు పెట్టెలో మర్చిపోవడం చిన్న విషయం కాదు. కానీ తప్పు ఎలా దొరికిందో కూడా చూడాలి. కాగితం ఉంది కాబట్టి దొరికింది. మూడు లెక్కల్లోనూ గెలిచినవారు ఒక్కరే.

మిషన్లు ఓట్లు మార్చేశాయన్నారు, దాని సంగతి?

నేను వేసిన విధానం చెప్తాను, మీరే ఆలోచించండి. ఐడీ చూపించాక ఒక కార్డు ఇచ్చారు. అది టచ్ స్క్రీన్‌లో పెట్టి పేర్లు ఎంచుకున్నాను. చివర్లో ప్రింట్ నొక్కితే పక్కనున్న ప్రింటర్‌లోంచి పెద్ద కాగితం వచ్చింది, వెచ్చగా. పైన ఒక క్యూఆర్ కోడ్, కింద నేను ఎంచుకున్న పేర్లన్నీ మామూలు ఇంగ్లీషు అక్షరాల్లో. అది చదువుకుని నాలుగడుగులు నడిచి స్కానర్‌లో పెట్టాను, లోపలికి లాక్కుంది, కింద తాళం వేసిన పెట్టెలో పడింది. బయటికొస్తుంటే పీచ్ పండు బొమ్మ ఉన్న స్టిక్కర్ ఇచ్చారు, అది ఇప్పటికీ మా ఫ్రిజ్ మీద ఉంది.

అప్పట్లో స్కానర్ చదివింది క్యూఆర్ కోడ్‌ని. దాన్ని మనిషి చదవలేడు కాబట్టి అనుమానం రావడం సహజం, ఆ అనుమానాన్ని నేను తప్పుపట్టను. కానీ చేత్తో లెక్కపెట్టినప్పుడు క్యూఆర్ కోడ్ ఊసే లేదు, అక్షరాల్లో ఉన్న పేర్లు చదివి లెక్కపెట్టారు. మిషన్ అబద్ధం చెప్పి ఉంటే అక్కడ దొరికిపోయేది.

స్టేడియంలో బల్ల కింద నుంచి సూట్‌కేసులు తీసిన వీడియో?

మా పెదనాన్న మూడుసార్లు పంపిన వీడియో ఇదే. అట్లాంటాలోని స్టేట్ ఫార్మ్ అరీనాలో ఫుల్టన్ కౌంటీ పోస్టు ఓట్లు లెక్కపెట్టారు. పొద్దున నీళ్లు కారి కొంతసేపు పని ఆగింది. రాత్రి పది దాటాక ఇవాల్టికి చాలనుకుని సర్దడం మొదలుపెట్టారు, పరిశీలకులు, విలేకరులు వెళ్లిపోయారు, అంతలో ఇంకా లెక్కపెట్టమని పైనుంచి చెప్పేసరికి మళ్లీ మొదలుపెట్టారు. అందరూ ఉన్నప్పుడే బల్ల కింద పెట్టిన బ్యాలెట్ పెట్టెల్ని తీశారు. పరిశీలకులు లేకుండా కొనసాగించడం పద్ధతి కాదు, అది ఒప్పుకోవాలి. కానీ ముక్క కత్తిరించి చూపించిన వీడియో వేరు, మొత్తం వీడియో వేరు. దర్యాప్తు చేసినవాళ్లు మొత్తం చూశారు, దొంగ ఓట్లేమీ లేవని తేల్చి 2023లో రాష్ట్ర ఎన్నికల బోర్డు ఆ ఫైలు మూసేసింది.

ఆ వీడియోలో కనిపించిన ఇద్దరు ఉద్యోగినులు, తల్లీకూతుళ్లు, ఇల్లు వదిలి తిరగాల్సి వచ్చింది. చేతికిచ్చుకున్న అల్లం చాక్లెట్‌ని పెన్‌డ్రైవ్ అని ప్రచారం చేశారు. 2023 డిసెంబరులో జ్యూరీ, ఆ ప్రచారం చేసిన ట్రంప్ లాయరు రూడీ జూలియానీ వాళ్లకి 14.8 కోట్ల డాలర్లు ఇవ్వాలని తీర్పు చెప్పింది. డబ్బు సంగతి అలా ఉంచండి, కూలి డబ్బులకి ఓట్లు లెక్కపెట్టడానికి వచ్చిన మనుషులు వాళ్లు. ఒక వీడియో ఫార్వర్డ్ చేసేముందు నేను ఇప్పుడు వాళ్లని గుర్తుచేసుకుంటాను.

చనిపోయినవాళ్ల పేరు మీద వేల ఓట్లు పడ్డాయట?

దాదాపు ఐదు వేలని ట్రంప్ అన్నారు. దర్యాప్తులో తేలినవి నాలుగు. కాబ్ కౌంటీలో సంతకాలు సరిగ్గా చూడలేదన్న ఆరోపణ మీద 15,118 కవర్లు తీసి రాష్ట్ర దర్యాప్తు సంస్థ చేత చూపించారు, దొంగ బ్యాలెట్ ఒక్కటీ దొరకలేదు.

11,780 ఓట్లు వెతకమన్న ఫోన్ కాల్ నిజంగా జరిగిందా?

జరిగింది. 2021 జనవరి 2న, దాదాపు గంటసేపు. రికార్డింగ్ ఉంది, ప్రపంచమంతా విన్నది. ట్రంప్ అడిగిన అంకె మెజారిటీ కంటే ఒక్క ఓటు ఎక్కువ. అవతలి వైపు ఉన్నది రాఫెన్స్‌పెర్గర్, ఆయనా రిపబ్లికనే, ట్రంప్‌కే ఓటేసిన మనిషి. మీ దగ్గరున్న సమాచారం తప్పు సార్ అని చెప్పారు. గవర్నర్ బ్రయాన్ కెంప్ కూడా రిపబ్లికనే, ఆయనా ఫలితం మీద సంతకం పెట్టారు. నా పార్టీ మనిషి ఓడిపోయాడు, అయినా లెక్క లెక్కే అన్నవాళ్లు ఉన్నారు కాబట్టే ఆ ఫలితం నిలబడింది, అంతకంటే పెద్ద రక్షణ ఏ చట్టంలోనూ నాకు కనబడలేదు.

దాని మీద పెట్టిన కేసు ఏమైంది?

2023 ఆగస్టులో ఫుల్టన్ కౌంటీలో ట్రంప్‌తో కలిపి 19 మంది మీద అభియోగాలు మోపారు. నలుగురు నేరం ఒప్పుకున్నారు. కేసు పెట్టిన జిల్లా అటార్నీ ఫానీ విల్లిస్‌ని 2024 డిసెంబరులో అప్పీల్ కోర్టు తప్పించింది, 2025 నవంబరులో కేసే కొట్టేశారు. ఎన్నికల లెక్కకీ దీనికీ సంబంధం లేదు, ఆ అంకెలు 2020 డిసెంబరులోనే ఖాయమయ్యాయి.

జార్జియా పోయి ఉంటే బైడెన్ ఓడిపోయేవారా?

లేదు. జార్జియాకి 16 ఎలక్టోరల్ ఓట్లు, ఒక్క ఓటు ఎక్కువొచ్చినా పదహారూ గెలిచినవారికే. బైడెన్‌కి మొత్తం 306 వచ్చాయి, అందులో 16 తీసేసినా 290, కావల్సింది 270. డిసెంబరు 14న ఆ పదహారుమంది ఎలక్టర్లు రాష్ట్ర అసెంబ్లీ భవనంలో ఓటేశారు, డెమోక్రాట్ నాయకురాలు స్టేసీ అబ్రామ్స్ అధ్యక్షత వహించారు. అదే రోజు అదే భవనంలో ఇంకో గదిలో పదహారుమంది రిపబ్లికన్లు కూడా తామే ఎలక్టర్లమని కాగితాలు రాసుకున్నారు. అవి చెల్లలేదు.

అంతకుముందు జార్జియా ఎప్పుడూ రిపబ్లికన్లదేనా?

అలా అనుకుంటారు గానీ 1964 దాకా ఒక్కసారి కూడా రిపబ్లికన్లకి పడలేదు. 1976, 1980లో సొంత మనిషి జిమ్మీ కార్టర్‌కి వేశారు. 1992లో బిల్ క్లింటన్ 13,714 ఓట్లతో గెలిచారు, అంటే ఇంత దగ్గరి పోటీ కొత్తేమీ కాదు. తర్వాత వరసగా రిపబ్లికన్లే, 2016లో ట్రంప్ 2,11,141 ఓట్లతో గెలిచారు. నాలుగేళ్లలో అంత మెజారిటీ కరగడానికి అట్లాంటా చుట్టూ పెరిగిన జనాభా ముఖ్య కారణం. గ్విన్నెట్, కాబ్ లాంటి శివారు కౌంటీలు 2016లోనే పక్క మార్చాయి, 2020లో ఇంకా దూరం వెళ్లాయి.

బైడెన్‌ని మన తెలుగువాళ్ల ఓట్లే గెలిపించాయి అంటారు, నిజమేనా?

వినడానికి బాగుంటుంది గానీ చెప్పడానికి ఆధారం లేదు. ఓటు రహస్యం, మాతృభాష ఏమిటో బ్యాలెట్ మీద ఉండదు. 11,779 తేడా ఉన్నచోట ఏ వర్గమైనా మావల్లే అనుకోవచ్చు, నల్లజాతి వాళ్లు, శివార్లలో చదువుకున్న మహిళలు, ఆసియా మూలాలవాళ్లు, అందరి మాటలోనూ కొంత నిజం ఉంటుంది.

మనవాళ్లు ఎక్కువగా ఉండేది జాన్స్ క్రీక్, ఆల్ఫరెట్టా, సువానీ, కమింగ్ వైపు. కమింగ్ ఉన్న ఫోర్సైత్ కౌంటీనే తీసుకోండి. 1912లో నల్లజాతి కుటుంబాలన్నిటినీ తరిమేసిన చోటు అది, ఇప్పుడు జనాభాలో 18 శాతం దరిదాపుల్లో ఆసియా మూలాలవాళ్లు, వీకెండ్ వస్తే పార్కుల్లో తెలుగే వినిపిస్తుంది. 2020లో కూడా అక్కడ ట్రంప్‌కి సుమారు 66 శాతం, బైడెన్‌కి 33 శాతం. బైడెన్ ఆ కౌంటీ గెలవలేదు, కానీ అంతకుముందు డెమోక్రాట్లకి వచ్చినదానికంటే బాగా ఎక్కువ తెచ్చుకున్నారు. ఓడిన కౌంటీలో తక్కువ తేడాతో ఓడటం కూడా రాష్ట్రం లెక్కలో కలుస్తుంది. మనలో రెండు వైపులా వేసేవాళ్లున్నారు, ఒకే ఇంట్లో తండ్రి ఒకరికి, కూతురు ఇంకొకరికి వేసిన కుటుంబాలు నాకే తెలుసు.

హెచ్1బీ మీదో గ్రీన్‌కార్డు మీదో ఉన్నవాళ్లు వేయొచ్చా?

వేయకూడదు, పౌరులు మాత్రమే. దయచేసి ఈ విషయంలో జాగ్రత్త. డ్రైవింగ్ లైసెన్సు తీసుకునేటప్పుడే ఓటరు నమోదు కూడా అడుగుతారు, తొందరలో పౌరుణ్ణి అని టిక్ పెడితే తర్వాత గ్రీన్‌కార్డుకే ఎసరు రావచ్చు, దేశం నుంచి పంపించేయొచ్చు కూడా. పౌరసత్వం వచ్చిన అమ్మానాన్నలకి ఇంగ్లీషు చదవడం కష్టమైతే మాత్రం తోడు వెళ్లి సాయం చేయొచ్చు. యజమాని, యూనియన్ ప్రతినిధి తప్ప ఓటరు తనకు నచ్చిన మనిషిని తెచ్చుకునే హక్కు ఫెడరల్ చట్టంలోనే ఉంది. మొన్న మా పక్కింటి ఆంటీ తన అత్తగారిని అలాగే తీసుకెళ్లారు.

2024లో ఏమైంది?

ట్రంప్ గెలిచారు. ఆయనకి 26,63,117, కమలా హారిస్‌కి 25,48,017, మెజారిటీ 1,15,100. ఇందులో నాకు ఆసక్తిగా అనిపించింది ఒకటుంది. 2020లో గెలిచిన బైడెన్ కంటే 2024లో ఓడిన హారిస్‌కి 74 వేల ఓట్లు ఎక్కువొచ్చాయి. కానీ ట్రంప్‌కి రెండు లక్షలు పెరిగాయి. కాబట్టి డెమోక్రాట్లు ఇంట్లో కూర్చున్నారు అనే మాట జార్జియాకి పనికిరాదు, అవతలివాళ్లు ఇంకా ఎక్కువమందిని బయటికి తెచ్చారు.

ఈసారి అర్ధరాత్రి దాటాక కాసేపటికే తేలిపోయింది. 40 లక్షల మందికి పైగా ముందే ఓటేశారు, అందులో అత్యధికులు స్వయంగా వెళ్లి వేసినవాళ్లు. అదీగాక 2021 మార్చిలో కెంప్ సంతకం పెట్టిన చట్టం పోస్టు ఓటు నిబంధనలు బిగించింది, పోస్టు ఓట్ల లెక్క త్వరగా తేల్చమంది. ఆ చట్టంలో క్యూలో ఉన్నవాళ్లకి నీళ్లు, తిండి ఇవ్వకూడదన్న భాగం నాకు నచ్చలేదు, మూడు గంటలు నిలబడ్డ ముసలివాళ్లని నేను చూశాను.

వచ్చే ఎన్నికల్లో జార్జియా ఫలితాలు ఇండియా నుంచి చూడాలంటే ఎప్పుడు, ఎలా?

పోలింగ్ ఇక్కడ రాత్రి ఏడింటికి ముగుస్తుంది, మనకి మర్నాడు పొద్దున ఐదున్నర. టీ పెట్టుకుని కూర్చోండి. టీవీలో లీడ్ ఎంతన్నది పక్కన పెట్టి, ఫుల్టన్, డికాల్బ్, గ్విన్నెట్, కాబ్, క్లేటన్‌లలో ఎంత శాతం లెక్కైందో చూడండి, అవి మిగిలుంటే డెమోక్రాట్ల ఓట్లు ఇంకా రావాలి. చిన్న పల్లె కౌంటీలు మిగిలుంటే రిపబ్లికన్లవి రావాలి. తేడా అర శాతం లోపు ఉంటే ఆ రాత్రికి నిద్రపోవడం మంచిది, రీకౌంట్ అడుగుతారు. 2020లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ కూడా చేతి లెక్క పూర్తయ్యేదాకా ఆగి నవంబరు 19న గానీ జార్జియా ఎవరిదో చెప్పలేదు. ఈ మాట చెప్పాక మా పెదనాన్న 2024లో లీడ్ల గురించి ఫోన్ చేయలేదు, "క్లేటన్ అయిపోయిందా?" అని ఒక్కటే అడిగారు.